హన్విక నచ్చిందా, అయితే ఒకసారి హైమవతీ అని పిలిచి చూడండి

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, కొత్తగా తల్లిదండ్రులు కాబోతున్నవాళ్ళ కోసం పెట్టిన ఆదివారం సమావేశంలో ఒక రిటైర్డ్ తెలుగు టీచరు గారు మాట్లాడినది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో వాళ్ళకి వినిపిస్తోందాండీ? ఆయ్ అన్నారు, సరే. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మీ అందరికీ చీటీలు ఇచ్చారు కదా, ఆడపిల్ల పుడితే ఏం పేరు అనుకుంటున్నారో రాయమని, నక్షత్రం ప్రకారం అక్షరం వచ్చి ఉంటే అది కూడా రాయమని. అవన్నీ నా దగ్గరకొచ్చాయి. ఇందాక టీ తాగుతూ చదివాను. సాన్వి, ఆద్య, హన్విక, శ్రీనిక, మళ్ళీ సాన్వి, తన్వి, మోక్షిత, మళ్ళీ ఆద్య, ఒక మైరా, ఇంకో సాన్వి. ఇంతవరకు బానే ఉంది. కానీ దాదాపు ప్రతి చీటీ కిందా ఒక ముక్క రాశారు, "ఎవరూ పెట్టని పేరు కావాలండీ" అని. ఎవరూ పెట్టని పేరంట! ఒక్కసారి పక్కవాళ్ళ చీటీలో ఏముందో అడిగి చూడండి.

నవ్వండి నవ్వండి, ఫరవాలేదు. వేళాకోళానికి అనట్లేదు. అందరూ పెడుతున్న పేరు పెట్టడం మీతోనే మొదలైందా? నేను బతుకంతా హాజరుపట్టీలు పిలుస్తూ గడిపినదాన్ని. మా అమ్మల తరంలో ఎటు చూసినా సత్యవతులు, అనంతలక్ష్ములు, సీతామహాలక్ష్ములు. సత్యం, సత్యవతి, సత్యనారాయణ ఇంటింటికీ ఎందుకున్నారంటే అన్నవరం కొండ దగ్గరే ఉంది కాబట్టి, ఆ సత్యదేవుడి పక్కనున్న అమ్మవారు అనంతలక్ష్మి కాబట్టి. ఆ తరవాత ఇందిరలు, సరోజినులు, విజయలక్ష్ములు వచ్చారు, అది పేపర్ల ప్రభావం. ఆ తరవాత సినిమా. మన రాజమండ్రి అమ్మాయి లలితారాణి సినిమాల్లోకి వెళ్ళి జయప్రద అయింది, అయ్యాక ఏమైంది? మా స్కూళ్ళలో జయప్రదలు మొదలయ్యారు, లలితారాణులు తగ్గిపోయారు. దివ్యలు, మౌనికలు, సింధులు, హారికలు నేను సర్వీసులో ఉండగా వచ్చినవాళ్ళే, ఇప్పుడు వాళ్ళే తల్లులై ఇక్కడ కూర్చున్నారు. ఏమ్మా, మీ క్లాసులో ఎంతమంది మౌనికలు ఉండేవారు? చూశారా, ఆవిడ ఇంటిపేరు పెట్టి పిలిచేవారట. మరి మీ అమ్మాయికి అదే గతి ఎందుకు పట్టించాలి చెప్పండి?

ఇప్పటి గాలికీ అప్పటి గాలికీ ఒక తేడా ఉంది. అప్పుడు ఒక అమ్మవారి పేరో, ఒక హీరోయిన్ పేరో పట్టుకుని అందరూ అదే పెట్టేవారు. ఇప్పుడు ఒక శబ్దం పట్టుకుంటున్నారు. చివర 'న్వి' రావాలి, లేదా 'ఇక' రావాలి, లేదా 'షిత' రావాలి, ముందు ఏ అక్షరం వచ్చినా ఫరవాలేదు. సాన్వి, తన్వి, జాన్వి, మాన్వి. హన్విక, శ్రీనిక, జాన్విక. మోక్షిత, దీక్షిత, లక్షిత. పేర్లు వేరు వేరుగానే ఉంటాయి, కానీ వాకిట్లో నిలబడి "న్వీ" అని ఒక్కరు పిలిస్తే నలుగురు పిల్లలు తిరిగి చూస్తారు. అందరూ ఒకటే లిస్టు చూస్తున్నారు. లిస్టు పైన "అరుదైన పేర్లు" అని రాసి ఉంటుంది, లక్షల మంది అదే చూస్తారు, ఇంక అరుదు ఎక్కడిది?

ఇందులో ఒక్కటి చెప్పాలి, ఈ పేర్లన్నీ ఒకే రకం కావు. ఆద్య, తన్వి చక్కటి పాత సంస్కృత పదాలు. ఆరాధ్య కూడా అంతే, ఐశ్వర్యా రాయ్ కూతురికి పెట్టాక మన దాకా వచ్చింది. కానీ సాన్వి అంటే లక్ష్మీదేవి అని ఫోన్లో ఉందండీ అని చెప్తారు చూడండి, అక్కడ నాకు కొంచెం గొంతు పట్టేస్తుంది. లక్ష్మీదేవి పేర్లు మన పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో వరసగా ఉన్నాయి, ఒకప్పుడు పిల్లలచేత వల్లె వేయించేవారు. పద్మాలయ, పద్మ, కమల, శ్రీ, హరిప్రియ, ఇందిర, లోకమాత, రమ. అందులో సాన్వి లేదు. ఉండి తీరాలని నేను అనను, పేరు పెట్టుకోవడానికి నిఘంటువు పర్మిషన్ అక్కర్లేదు. కానీ లక్ష్మీదేవి పేరే కావాలి, ఎవరూ పెట్టనిది కావాలి అంటున్నారు కదా మీరు? మరి ఇందిర ఏం పాపం చేసింది? హరిప్రియ ఏం పాపం చేసింది? రమ అని ఈ మధ్య పుట్టిన పిల్లని ఒక్కర్ని చూపించండి నాకు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి ఉదాహరణలే. ఎవరూ పెట్టని పేరు కోసం కొత్తగా కనిపెట్టక్కర్లేదు, మన వాళ్ళు పెట్టడం మానేసిన పేర్లలో వెతకండి. మీకు నచ్చిన శబ్దం వదులుకోకుండానే వెతకండి. ఇప్పుడు చీటీలు తీద్దాం.

ఇదిగో, "శతభిషం రెండో పాదం, సా వచ్చింది, సాన్వి అనుకుంటున్నాం." సా అంటే ముందు ఏం గుర్తు రావాలండీ? సావిత్రి! మూడే అక్షరాలు, పిలవడానికి హాయి, రాయడానికి హాయి. సతీ సావిత్రి అని ఎగతాళి చేస్తారని భయమా? ఇప్పటి పిల్లలకి ఆ ఎగతాళే తెలీదు. అది వద్దంటే సాహితి ఉంది. 'స' అయినా సరిపోతుందని మీ పంతులుగారు ఒప్పుకుంటే సత్యవతి పెట్టి ఇంట్లో సత్య అని పిలవండి. సర్వమంగళ కూడా ఉంది, పార్వతీదేవి పేరు, నాకైతే భలే ఇష్టం, కానీ మా ఇంట్లోనే ఎవరూ ఒప్పుకోలేదు. నక్షత్రం పట్టింపు లేనివాళ్ళు శర్వాణి చూడండి. సాన్విలో ఉన్న నాజూకు అంతా శర్వాణిలో ఉంది, పైగా క్లాసులో ఇంకో శర్వాణి ఉండే అవకాశం తక్కువ. ఆ అమరకోశంలోనే పార్వతి పేర్ల వరస వినండి. ఉమ, కాత్యాయని, గౌరి, హైమవతి, భవాని, రుద్రాణి, శర్వాణి, అపర్ణ, మృడాని, అంబిక. ఇందులో భవాని, గౌరి బాగా వాడేశాం. మృడాని ఎవరైనా విన్నారా? లేదు కదా.

ఇంకోటి. "కృత్తిక మొదటి పాదం, అ, ఆద్య." అపర్ణ అనండి, అనసూయ అనండి, అరుంధతి అనండి. అరుంధతి అంటే సినిమా గుర్తొస్తుందంటారు, రానివ్వండి, ధైర్యం ఉన్న పిల్ల అనుకుంటారు. పెళ్ళిలో చూపించే నక్షత్రం మన పిల్ల పేరైతే మంచిదేగా. ఆద్య లాగే ఉండాలంటే ఆత్రేయి ఉంది. అది ఎక్కడిదంటే, ఆగండి, దానికి వేరే కథ ఉంది, వస్తాను.

"హన్విక, పునర్వసు మూడో పాదం." హ. హరిప్రియ ఇందాకే చెప్పాను. హంస ఉంది, హరిణి ఉంది. పాదం పట్టింపు లేకపోతే హైమవతి. ముసలి పేరు అంటారా? హైమవతి అని రిజిస్టర్లో ఉంటుంది, ఇంట్లో హైమ అవుతుంది. హన్విక అని పెట్టి మీరు మాత్రం ఏమని పిలుస్తారు? హన్ను, హనీ అంటారు. హైమా అని గట్టిగా పిలిచి చూడండి ఒకసారి ఎవరైనా. ఆయ్, మీరే పిలవండి. అదీ! బయట రిక్షా స్టాండు దాకా వినబడింది. పేరుకి అది పెద్ద పరీక్ష. వీధి చివర ఆడుకుంటున్న పిల్లని అమ్మమ్మ పిలిస్తే వినబడాలి, చివరి అక్షరం సాగాలి. అపర్ణా, శర్వాణీ, మాలతీ, ఇందిరా, ఇవన్నీ సాగే పేర్లు. అమ్మమ్మ నోరు తిరగని పేరు పెట్టారనుకోండి, ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టి బుజ్జి అనో చిట్టి అనో మొదలుపెడుతుంది, ఇంక మీ పేరు స్కూలుకే.

'ఇక' కావాలన్నవాళ్ళు చాలామంది ఉన్నారు చీటీల్లో. 'ఇక' మనకి కొత్తా? మల్లిక, చంద్రిక, లతిక, మాళవిక, అంబిక. యూథిక అంటే మల్లె జాతి పువ్వే. ఇవన్నీ శ్రీనిక పక్కన పెట్టి చూడండి, ఏం తీసిపోయాయి? ఆ మాటకొస్తే పిఠాపురంలో శక్తిపీఠం అమ్మవారి పేరే పురుహూతిక. నేను పెట్టమనట్లేదు, పిలవడం కష్టం, స్కూల్లో పురుగు అంటారు. కానీ 'ఇక' కోసం ఎక్కడెక్కడో తిరుగుతున్నారు కదా అని చెప్పాను.

అమ్మవార్లు అన్నాను కాబట్టి చెప్తున్నాను, మనం ఎంత పేర్ల మధ్య కూర్చున్నామో చూడండి. ద్రాక్షారామంలో మాణిక్యాంబ, పెనుగొండలో వాసవి, సామర్లకోటలో బాలాత్రిపురసుందరి, మురమళ్ళలో భద్రకాళి. వాసవి అనే పేరు చూడండి, రెండు పక్షాలకీ సరిపోతుంది, మీ 'వి' దొరికింది, పెద్దవాళ్ళ అమ్మవారు దొరికింది. బాల అని ఒక్క మాట పెట్టినా చాలు. భద్ర కూడా బాగుంటుంది, గట్టి పేరు. కడియం వైపు వాళ్ళు పూల పేర్లు చూసుకోండి. నర్సరీల్లో అన్ని మొక్కలు పెంచుతారు, పిల్లలకి మాత్రం ఒక్క పువ్వు పేరు పెట్టరేమండీ? పొగడచెట్టుకి వకుళ అని పేరు, వకుళ ఎంత బాగుంది! మాలతి ఉంది. కేతకి, అంటే మొగలి, మన సముద్రం ఒడ్డున ఉన్నదే. కానీ కేతకి అంటే మీ ఇంట్లో ఎవరో ఒకరు శివుడి పూజకి పనికిరాని పువ్వు అంటారు, ఆ తగువు మీరే చూసుకోవాలి.

ఆత్రేయి దగ్గర ఆగాం కదా. ధవళేశ్వరం దాటాక మన నది పాయలవుతుంది, ఆ పాయల్లో చాలావాటికి ఋషుల పేర్లు పెట్టారు పెద్దవాళ్ళు. గౌతమి యానాం మీదుగా వెళ్ళి సముద్రంలో కలుస్తుంది, వసిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది, మధ్యలో వైనతేయ. సప్తగోదావరుల్లో ఆత్రేయ, తుల్య కూడా చెప్తారు. ఇంత దగ్గరగా నది పెట్టుకుని మనం జాన్వి, జాన్విక అంటున్నాం! జాహ్నవి అంటే గంగ, మంచి పేరే, కానీ మనది గోదావరి కదండీ. గౌతమి పెడితే కాకినాడ రైలు గుర్తొస్తుంది అన్నాడు ఒకాయన. గుర్తొస్తే రానివ్వండి, రైలుకి ఆ పేరు నది నుంచే వచ్చింది. ఆత్రేయ మగపేరులా ఉంటే ఆత్రేయి అనండి. తుల్య రెండే అక్షరాలు, ఇప్పటి పేర్లలో చక్కగా కలిసిపోతుంది. పైకెళ్తే కూనవరం దగ్గర శబరి కలుస్తుంది, ఇంకా పైన ప్రాణహిత, మంజీర, ఇంద్రావతి, అన్నీ మన గోదాట్లోకి వచ్చే నీళ్ళే. ప్రాణహిత! ఆ పేరు విన్నాక ప్రణవి, ప్రణిత మీద మనసు పోతుందా మీకు? 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఆ ఏడు పుట్టే పిల్లలందరికీ గోదావరి పేరు ఏదో ఒకటి పెట్టేస్తారు, ఇప్పుడే పెట్టుకున్నవాళ్ళు ముందున్నట్టు.

ఇక్కడ చర్చికి వెళ్ళే కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాలి. దీవెన, కృప, కరుణ, ఎంత తేట తెలుగో, ఎంత తేలికో చూడండి. ఒక చీటీలో దీవెన పాతబడిపోయిందని రాశారు, వాళ్ళు కూడా కియారా అనుకుంటున్నారట. అమ్మా, నా మాట విని దీవెన వదలకండి.

పాతవన్నీ పెట్టమంటున్నానా? లేదు. కొన్ని పేర్లకి బరువు పడిపోయింది, అది తీయడం మన వల్ల కాదు. సూర్యకాంతం చూడండి. ఎంత వెలుగున్న పేరు! ఆవిడ మన కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924లో పుట్టారు. గయ్యాళి అత్త వేషాలు ఎంత గొప్పగా వేశారంటే ఆ తరవాత తెలుగునాట ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికే జనం జంకారు. నటనకి అంతకన్నా పెద్ద బిరుదు ఏం కావాలి? కానీ పేరు మాత్రం పోయింది. రెండు తరాలు గడిచాయి కాబట్టి కాంతి అనో సూర్య అనో విడగొట్టి పెట్టుకోవచ్చు, పూర్తి పేరు పెట్టమని నేను కూడా అనను.

సీత సంగతి వేరు. సీత అని పెడితే కష్టాలు పడుతుందని ఒక మాట ఉంది మన వైపు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు, 1841 నుంచి 1909 దాకా బతికిన మనిషి, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకి అన్నం పెట్టారు. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టాం, బళ్ళలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టాం. వంతెనకి పెడతాం, పథకానికి పెడతాం, మన పిల్లకి మాత్రం పెట్టం! జానకి అని పెట్టినా అంతే, మైథిలి అని పెట్టినా అంతే. మైథిలి ఇప్పటి చెవులకి బాగా ఆనుతుంది, గుర్తు పెట్టుకోండి.

కొన్ని కాయితాల మాటలు కూడా చెప్పాలి, ఇవి ఎవరూ చెప్పరు. మన గోదావరి జిల్లాల్లో పేరు పెట్టడమంటే ఇంట్లో ఉన్న దేవుళ్ళందర్నీ ఎక్కించడం. వెంకట సత్య సూర్య నాగ వీర లక్ష్మీ, ఆ చివర్లో ఎక్కడో అసలు పేరు. బియ్యంలో ఉంగరంతో ఎన్ని పేర్లయినా రాయండి, అది బాలసారె, మీ ఇష్టం. నక్షత్రం పేరు రాయండి, నానమ్మ పేరు రాయండి, అమ్మవారి పేరు రాయండి. సర్టిఫికెట్లో మాత్రం ఒకటో రెండో మాటలే ఉంచండి. ఆధార్‌లో ఒక రకంగా, టెన్త్ సర్టిఫికెట్లో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా పడితే ఆ పిల్ల పెద్దయ్యాక ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇంకోటి, పేరులో రెండు 'ఏ'లు, మధ్యలో ఒక 'హెచ్', చివర ఇంకో 'హెచ్' పెట్టించే న్యూమరాలజీ. సాన్వికి ఎన్ని హెచ్‌లు పెట్టినా అది సాన్వే, పలికితే ఒకటే. అరుదైనది కాదు సరికదా, ప్రతి కౌంటర్ దగ్గరా స్పెల్లింగ్ చెప్పుకునే టెన్షన్ మిగులుతుంది.

పేరు తేలలేదని పుట్టుక రిజిస్టర్ చేయించడం ఆపకండి, ఇది బాగా వినండి. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి, పేరు లేకుండా కూడా చేస్తారు. పేరు 12 నెలల లోపు వెళ్ళి రుసుము లేకుండా ఎక్కించుకోవచ్చు, ఆ తరవాతైతే ఫీజు కట్టాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలు అడ్మిషన్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. అంచేత తొందరపడి ఆస్పత్రిలో ఎవరో అడిగారని మొదట తోచిన సాన్వి రాయించెయ్యకండి. ఏడాది టైముంది. పిల్ల మొహం చూడండి, నాలుగు పేర్లు పిలిచి చూడండి.

ఆఖరి చీటీ. ఇది ఒక అత్తగారు రాశారు, చేతిరాత చూస్తేనే తెలుస్తోంది. "మా అమ్మ పేరు మాణిక్యాంబ. మనవరాలికి పెడదామంటే కోడలు మైరా అంటోంది. మఖ నక్షత్రం, మా వచ్చింది. మీరు చెప్పండి." కోడలు గారు కూడా వచ్చారా? వచ్చారు, వెనకాల చెయ్యెత్తారు. అమ్మాయ్, మీకు మైరాలో నచ్చింది చిన్నగా ఉండటమే కదా? మాణిక్య అంటే ఎలా ఉంటుంది? ఊఁ, ఆలోచిస్తానంటోంది. మాలతి? మంజీర? మంజీరకి తల ఊపింది, చూశారా. ఏమండీ అత్తగారూ, పేరు పెట్టే హక్కు కన్నవాళ్ళది, వాళ్ళు మంజీర అంటే మంజీర, మైరా అంటే మైరానే. బాలసారె రోజు బియ్యంలో మీ వంతు వచ్చినప్పుడు మాణిక్యాంబ అని రాయండి, మీరు మాత్రం అలాగే పిలుచుకోండి, పిల్ల పలకదా ఏం? అదీగాక మీకు రెండో మనవరాలు పుట్టదని ఎవరన్నారు?

మైకు ఇమ్మంటున్నారు. మిగిలిన చీటీలు నా దగ్గరే ఉన్నాయి, బయట అరుగు మీద కూర్చుంటాను, ఒక్కొక్కరే రండి.